ఎదుటివాళ్ళ మనసులో ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలతో మేం చేసే పరిశోధన గురించి, డిగ్రీ, పీజీ విద్యార్థులకు చెప్పే పాఠాల గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. అడిగేది తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రాజెక్టు కోసం వచ్చే విద్యార్థులు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. విద్యార్థులైతే మాత్రం తెలుగులో ప్రశ్న అడిగే తీరు గురించి రాసిన భాగం వదిలేయకండి. ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

అసలు ఈ పరిశోధన దేని గురించి?

ఇంట్లో తాతయ్య కళ్ళజోడు బీరువా మీద పెట్టి బజారుకు వెళ్ళారనుకోండి. ఆయన లేనప్పుడు అమ్మ దాన్ని తీసి సొరుగులో పెట్టింది. ఆయన తిరిగొచ్చి ముందు ఎక్కడ వెతుకుతారు? బీరువా మీద అని మనం తడుముకోకుండా చెప్తాం. మూడేళ్ళ పాప మాత్రం సొరుగులో అంటుంది. కళ్ళజోడు ఇప్పుడు ఉన్నది అక్కడే కాబట్టి. తనకు తెలిసింది తాతయ్యకు తెలియకపోవచ్చని, ఆయన పొరబడి ఉండొచ్చని, ఆ పొరపాటు ప్రకారమే నడుచుకుంటారని పాపకు ఎప్పుడు, ఎలా తెలుస్తుందన్నదే మా పని. ఈ సామర్థ్యానికి శాస్త్రంలో థియరీ ఆఫ్ మైండ్ అని పేరు.

సైకాలజీ చదివితే ఎదుటివాళ్ళ మనసు చదివేయొచ్చా?

కుదరదు. ముఖం చూసి మనిషిని చెప్పేస్తామనేవాళ్ళు మా శాఖ వాళ్ళు కారు.

ఈ ప్రశ్న శాస్త్రంలోకి ఎలా వచ్చింది?

పిల్లల నుంచి కాదు, చింపాంజీ నుంచి. 1978లో ప్రీమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సారా అనే చింపాంజీకి, చిక్కులో పడ్డ మనిషి వీడియోలు చూపించి, ఆ చిక్కు తీరే ఫొటోను ఎంచుకోమన్నారు. చాలాసార్లు సరైనదే ఎంచుకుంది. అయితే ఆ మనిషి ఏం కోరుకుంటున్నాడో దానికి తెలిసినట్టేనా, లేక ఆ స్థితిలో తానైతే ఏం చేసేదో అదే ఎంచుకుందా అన్న వాదన లేచింది. ఎదుటివాళ్ళ నమ్మకం మన నమ్మకంతో ఒకటే అయినంతసేపు ఈ రెంటినీ విడదీయలేం. ఎదుటివాళ్ళు పొరబడినప్పుడే విడదీయగలం. 1983లో ఆస్ట్రియాకు చెందిన విమ్మర్, పెర్నర్ దీన్ని పిల్లల పరీక్షగా మలిచారు. వాళ్ళ కథలో మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్ ఒక అరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు, వాళ్ళమ్మ దాన్ని ఇంకో అరలోకి మారుస్తుంది. నలభై ఏళ్ళు దాటినా ఈ రంగం ఆ కథ చుట్టూనే తిరుగుతోంది. కొంచెం ఎక్కువగానే తిరుగుతోందని మా అభిప్రాయం.

పిల్లలతో పరీక్ష ఎలా చేస్తారు?

మొదటి పది నిమిషాలు పరీక్ష ఉండదు, ఆటే. కొత్త మనిషి ముందు నోరు విప్పని పిల్లలకు తెలియక కాదు, బెరుకు. ఆ పది నిమిషాలు మిగుల్చుకుందామని చూసిన విద్యార్థికి సగం జవాబులు మౌనమే.

తర్వాత చిన్న బల్ల మీద రెండు బొమ్మలు, ఒక బాల్, మూతలున్న రెండు పాత్రలు పెడతాం. ఒకటి స్టీలు డబ్బా, ఒకటి వెదురు బుట్ట. లోపలిది బయటికి కనబడకూడదు, రెండూ చూడ్డానికి వేరువేరుగా ఉండాలి. మధ్య ఒక అడుగు దూరం చాలు. ఒక బిడ్డకు డబ్బా కుడివైపు పెడితే తర్వాతి బిడ్డకు ఎడమవైపు పెడతాం. కొందరు పిల్లలు ఏది అడిగినా కుడిచేతి వైపున్నదే చూపిస్తారు. వైపులు మార్చకపోతే అది తెలివిలా కనబడుతుంది.

బొమ్మల పేర్లు రెండుసార్లు చెప్పి, బిడ్డతో ఒకసారి చెప్పించుకోవాలి. రాము బాల్‌ను బుట్టలో పెట్టి బయటికి వెళ్తాడు. ఆ బొమ్మను బల్ల మీదే వెనక్కి తిప్పి ఉంచకూడదు, తలుపు అవతలికి తీసుకెళ్ళాలి. బల్ల మీదే ఉంటే కొందరు పిల్లలు 'రాము విన్నాడుగా' అంటారు. ఆ మాట తప్పూ కాదు, బొమ్మ మూత చప్పుడు విని ఉండొచ్చు! ఇప్పుడు లక్ష్మి బాల్ తీసి డబ్బాలో పెడుతుంది. ఇక్కడ మేం 'దాచింది' అనం. మోసం వాసన తగిలితే పిల్లలు మెరుగ్గా జవాబు చెప్తారని 2001లో వెల్‌మన్, క్రాస్, వాట్సన్ 178 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. 'దాచింది' అనొచ్చు కూడా, కానీ అంటే పిల్లలందరికీ అనాలి. కొందరికి 'పెట్టింది', కొందరికి 'దాచింది' అంటే రెండు వేర్వేరు పరీక్షలు పెట్టినట్టే.

రాము తిరిగొస్తాడు. 'రాము బాల్ కోసం ముందు ఎక్కడ వెతుకుతాడు?' అని అడిగి నోరు మూసుకోవాలి. పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లు ఎంత పొడవో గడియారం చూస్తేగాని తెలియదు. జవాబు వచ్చాక ఇంకో రెండు ప్రశ్నలున్నాయి: 'బాల్ ఇప్పుడు ఎక్కడుంది?', 'రాము మొదట ఎక్కడ పెట్టాడు?' ఈ రెండింట్లో ఏది తప్పినా బిడ్డకు కథే గుర్తులేదన్నమాట, అసలు ప్రశ్నకిచ్చిన జవాబుకు అర్థం లేదు. కథ మళ్ళీ ఒకసారి చెప్తాం. అప్పటికీ తప్పితే ఆ బిడ్డ మార్కు లెక్కలోకి రాదు. అలా ఎంతమందిని తీసేశామో మాత్రం రిపోర్టులో రాయాలి.

చెడేది ఎక్కడంటే, మొదట మన కళ్ళ దగ్గర. ప్రశ్న అడుగుతూ డబ్బా వైపు చూస్తే బిడ్డ మన చూపు వెంటే పోతుంది. బిడ్డ ముక్కు మీదో, బల్ల మధ్యనో చూపు నిలపాలి. రెండోది, ప్రశ్న మళ్ళీ అడగడం. మన బళ్ళలో టీచరు అదే ప్రశ్న రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పని అర్థం. బిడ్డ వెంటనే మాట మార్చేస్తుంది. మూడోది, పక్కన కూర్చున్న అమ్మ. పాపం, ఆపుకోలేక 'సరిగ్గా ఆలోచించు నాన్నా' అంటుంది. అందుకే పెద్దవాళ్ళను గదిలోనే ఉండనిస్తాం గానీ బిడ్డకు కనబడకుండా వెనకవైపు కూర్చోబెడతాం.

తెలుగులో అడిగితే ఇబ్బందులేమిటి? ఇంగ్లీషు ప్రశ్నను అనువాదం చేస్తే సరిపోదా?

సరిపోదు. 'ఎక్కడ చూస్తాడు?' అనే అనువాదంతోనే మొదలవుతుంది. తెలుగులో చూడటం కంటబడటమూ అవుతుంది, వెతకడమూ అవుతుంది. 'రాము బాల్ ఎక్కడ చూస్తాడు?' అంటే చివరికి బాల్ ఎక్కడ కంటబడుతుందని కూడా వినబడుతుంది. ఆ ప్రశ్నకు డబ్బా అన్నదే సరైన జవాబు. కాబట్టి 'వెతుకుతాడు' వాడండి, దాని ముందు 'ముందు' అనే మాట చేర్చండి. 'ముందు' చేరిస్తే చిన్నపిల్లల జవాబులు మెరుగవుతాయని 1991లోనే సీగల్, బీటీ ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో చూపించారు. 'వెతకాలి' అనకండి. అది ఏం చేస్తే మంచిదో అడిగే ప్రశ్న అయిపోతుంది.

'అనుకోవడం' ఇంకా చిక్కైన మాట. 'రాము బాల్ ఎక్కడుందనుకుంటున్నాడు?' వ్యాకరణానికి బాగానే ఉంది. కానీ అనుకోవడం అంటే తనలో తాను అనుకోవడమే కాదు. 'రేపు గుంటూరు వెళ్దామనుకుంటున్నాడు' అంటే ఉద్దేశం. 'ఊళ్ళో అనుకుంటున్నారు' అంటే నలుగురూ చెప్పుకోవడం. నాలుగేళ్ళ బిడ్డ ఇంట్లో ఎక్కువగా వినేది ఉద్దేశాన్ని చెప్పే వాడుకే. అందుకని వెతికే ప్రశ్న, అనుకునే ప్రశ్న రెండూ అడిగి విడివిడిగా నమోదు చేస్తాం. రెండూ కలిపి ఒకే మార్కు వేయకండి. టర్కిష్ లాంటి భాషల్లో పొరపాటు నమ్మకానికి ప్రత్యేకమైన క్రియ ఉంది. మనకు 'పొరబడ్డాడు', 'భ్రమపడ్డాడు' ఉన్నాయి గానీ వాటిని ప్రశ్నలో వాడితే జవాబు మనమే చెప్పినట్టు.

'కదా' అసలు వద్దు. 'రాము బుట్టలో పెట్టాడు కదా, ఇప్పుడు...' అని నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. 'కదా' అంటే ఇది నీకూ నాకూ తెలిసిందేనని. బిడ్డ దృష్టిని బుట్ట మీదికి నెట్టేసి, ఆ తర్వాత బుట్ట అని చెప్పిందని సంతోషించడం అది. కథల్లో వాడే 'పెట్టాడట', 'వెళ్ళాడట' కూడా వద్దు. ఎవరో చెప్పగా విన్నదానికి మనం 'అట' వాడతాం. ఇక్కడ బిడ్డ కళ్ళారా చూసింది.

మరొకటి, కర్తను వదిలేసే అలవాటు. 'బయటికి వెళ్ళింది, తిరిగొచ్చింది, ఎక్కడ వెతుకుతుంది?' అంటే ఇద్దరూ అమ్మాయి బొమ్మలైతే ఎవరు వెళ్ళారో, ఎవరు వచ్చారో పెద్దవాళ్ళకే తెలియదు. అందుకే ఒక మగపిల్లవాడు, ఒక ఆడపిల్ల. క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. అయినా ప్రతి వాక్యంలో పేరు పలకాలి, వినడానికి కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా సరే. బిడ్డ పేరు, ఇంట్లోవాళ్ళ పేర్లు బొమ్మలకు పెట్టొద్దు.

మాటల ఎంపిక కూడా ఊరిని బట్టి ఉంటుంది. విజయవాడ పటమటలో ఇంగ్లీషు మీడియం ప్లేస్కూల్ పిల్లలకు బాల్, బాక్స్ అంటేనే తెలుస్తుంది, బంతి అంటే పువ్వు గుర్తొస్తుంది. పల్నాడు వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో 'ఏడ', 'యాడ' వినబడుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డను తెలుగులో పరీక్షించి తక్కువ మార్కు వేయడం అన్యాయం. ఆ బిడ్డకు ఉర్దూ వచ్చినవాళ్ళే అడగాలి.

డబ్బాలో వేరే వస్తువు పెట్టే పరీక్ష కూడా ఉంది కదా, అది తేలికేమో?

చెయ్యడం తేలిక. చాక్లెట్ బిళ్ళల డబ్బా చూపించి 'ఇందులో ఏముంది?' అంటారు. బిడ్డ బిళ్ళలు అంటుంది. తెరిస్తే పెన్సిల్. మూత మూసి, 'ఇది చూడని నీ ఫ్రెండ్ వస్తే ఏముందనుకుంటాడు?', 'తెరవకముందు నువ్వేమనుకున్నావు?' అని అడుగుతారు. రెండో ప్రశ్న విచిత్రమైనది. 1988లో గాప్నిక్, ఆస్టింగ్టన్ చూపించినట్టు, చిన్నపిల్లలు కాసేపటి కిందట తాము అనుకున్నదాన్ని కూడా మరిచి 'పెన్సిల్ అనుకున్నాను' అంటారు. ఎదుటివాళ్ళ పొరపాటే కాదు, తమ పొరపాటూ వాళ్ళకు కనబడదు.

మన ఇళ్ళలో దీనికో అడ్డంకి ఉంది. హార్లిక్స్ సీసాలో చింతపండు, బిస్కెట్ల డబ్బాలో సూది, దారం, బోర్నవిటా డబ్బాలో పోపుగింజలు. ఏ డబ్బాలోనైనా ఏదైనా ఉండొచ్చని మన పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. 'ఇందులో ఏముంది?' అంటే భుజాలెగరేస్తారు, లేదా 'పప్పు' అంటారు. అప్పుడు పరీక్ష మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మళ్ళీ వాడని పెట్టె కావాలి. టూత్‌పేస్ట్ అట్టపెట్టె, అగరుబత్తి పెట్టె బాగా పనికొస్తాయి. వెనకవైపు బ్లేడుతో కోసి వస్తువు మార్చి, పారదర్శకమైన టేపుతో అంటించాలి. చిల్లరకొట్లో కొన్న కొత్త పెట్టెలా కనబడాలి. పదిమంది పిల్లలకు ఒక పెట్టె చొప్పున కొనుక్కోండి, నలిగిన పెట్టె రహస్యం దాచదు. మొదటి ప్రశ్నకు పెట్టె మీదున్న వస్తువు పేరు చెప్పని పిల్లలను ఈ పరీక్షలో లెక్కించకండి.

మా బాబుకు నాలుగేళ్ళు నిండాయి. తప్పు చెప్పాడు. కంగారు పడాలా?

అక్కర్లేదు. పైన చెప్పిన 178 అధ్యయనాల విశ్లేషణలో పిల్లలు సగం సార్లు సరిగ్గా చెప్పే వయసు 44 నెలలు, అంటే మూడు సంవత్సరాల ఎనిమిది నెలలు. సగం అంటే నాణెం ఎగరేసినా వచ్చేదే. అదీగాక ఊరికీ ఊరికీ, దేశానికీ దేశానికీ తేడా ఉంది. చైనా, హాంగ్‌కాంగ్ పిల్లలను ఉత్తర అమెరికా పిల్లలతో పోల్చిన 2008 నాటి విశ్లేషణలో సమాజాల మధ్య రెండేళ్ళకు పైగా తేడా కనబడింది. మెట్ల వరస ఇంచుమించు ఒకటే, ఎక్కే వేళ వేరు. 2005లో కెనడా, ఇండియా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలతో ఒకే పద్ధతిలో చేసిన అధ్యయనంలో మూడేళ్ళవాళ్ళలో ఎక్కువమంది తప్పారు, ఐదేళ్ళవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా చెప్పారు.

ఇంకో సంగతి. ఒక్క ప్రశ్నకు వచ్చిన ఒక్క జవాబుతో ఏ బిడ్డ గురించీ ఏమీ చెప్పలేం. రెండు పాత్రలే ఉన్నాయి కాబట్టి గుడ్డిగా చెప్పినా సరైనదయ్యే అవకాశం 50 శాతం. రెండు కథల్లోనూ గుడ్డిగా సరిపోయే అవకాశం 25 శాతం, నాలుగు కథల్లోనూ అయితే 6 శాతం పైచిలుకు. అందుకే నాలుగు కథలు చెప్తాం, రెండు రోజుల్లో.

ఏది ముందు వస్తుంది, ఏది తర్వాత?

2004లో వెల్‌మన్, లియూ అమర్చిన వరస ఇది. మొదట కోరికల తేడా తెలుస్తుంది: నాకు జామకాయ ఇష్టం, అన్నయ్యకు అరటిపండు ఇష్టం. తర్వాత నమ్మకాల తేడా: ఏది నిజమో ఇద్దరికీ తెలియనప్పుడు నేనొకటి అనుకోవచ్చు, వాడొకటి అనుకోవచ్చు. తర్వాత తెలియడం, తెలియకపోవడం: సొరుగు తెరిచి చూడనివాడికి లోపలేముందో తెలియదు. ఆపైన పొరపాటు నమ్మకం. చివరిగా, లోపల ఏడుపొస్తున్నా పైకి నవ్వడం.

చైనా, ఇరాన్ పిల్లల్లో రెండో మెట్టు, మూడో మెట్టు తారుమారయ్యాయి. అభిప్రాయభేదం కన్నా ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదన్నదే వాళ్ళకు ముందు పట్టుబడింది. పెద్దలకు ఎదురు చెప్పకుండా తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి విలువిచ్చే ఇళ్ళలో అలా జరుగుతుందని వివరణ. తెలుగు ఇళ్ళ గురించి ఆలోచిస్తే ఈ వివరణ మనకెంత దగ్గరో చెప్పక్కర్లేదు. పీజీ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి అంశం మాకు తోచదు. ఐదు చిన్న పనులు, బిడ్డకు 20 నిమిషాలు.

ఆరేడేళ్ళ వయసులో వచ్చేది రెండో అంతస్తు: వాడేమనుకుంటున్నాడని ఆమె అనుకుంటోంది అన్నది. దీన్ని 1985లో పెర్నర్, విమ్మర్ పరీక్షించారు. తెలుగులో ఈ వాక్యం వెనకనుంచి కట్టినట్టుంటుంది. 'బాల్ బుట్టలో ఉందని రాము అనుకుంటున్నాడని లక్ష్మి అనుకుంటోంది.' బిడ్డ చెవిన ముందు పడేది 'బాల్ బుట్టలో ఉంది' అన్న ముక్క. అది నిజం కాదని, ఒకరి ఊహ గురించి ఇంకొకరి ఊహ అని తెలిసేసరికి వాక్యం అయిపోతుంది. దాన్ని విరిచి, 'లక్ష్మిని అడుగుదాం. లక్ష్మీ, రాము ఎక్కడికి వెళ్తాడు? లక్ష్మి ఏం చెప్తుంది?' అని అడగండి.

పాలు తాగే పిల్లలకే ఇది తెలుసని చదివాను. నిజమా?

2005లో ఒనిషి, బైయార్జన్ 15 నెలల పసివాళ్ళకు బొమ్మ పుచ్చకాయ ముక్కను రెండు పెట్టెల మధ్య మార్చి చూపించారు. పొరబడిన మనిషి తన పొరపాటుకు తగ్గట్టు వెతకనప్పుడు పసివాళ్ళు ఎక్కువసేపు చూశారు, అంటే ఆశ్చర్యపోయారని అర్థం తీశారు. గొప్ప సంచలనం. కానీ ఈ రకం చూపు పరీక్షలను ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలలు మళ్ళీ చేస్తే కొన్నిచోట్ల ఫలితం రాలేదు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా కనబడే ఈ సంగతిని పరీక్షలో నిశ్చయంగా రాయకండి. మా పేపర్లో దీనికి మార్కులు వాదన రెండువైపులా రాసినందుకే.

ఉమ్మడి కుటుంబం, అన్నదమ్ములు ఉంటే తొందరగా వస్తుందా?

తోబుట్టువులున్న పిల్లలు ఈ పరీక్షల్లో ముందుంటారని 1994లో పెర్నర్, రఫ్‌మన్, లీకమ్ చెప్పారు. గ్రీసు, సైప్రస్‌లలో చేసిన పరిశోధనలో రోజూ కలిసే పెద్దవాళ్ళు, పెద్దపిల్లలు ఎక్కువగా ఉండటం లెక్కకొచ్చింది. అయితే పని చేసేది బంధువుల సంఖ్య కాకపోవచ్చు, వాళ్ళ మాటలు కావచ్చు. చెవుడుతో పుట్టిన పిల్లల్లో, సైగభాష రాని ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది బాగా ఆలస్యమవుతుందని 1995లో పీటర్సన్, సీగల్ చూపించారు. పుట్టినప్పటి నుంచి సైగభాషలో పెరిగిన పిల్లలకు ఆ ఆలస్యం లేదు. వాళ్ళకు లోటు తెలివిలో లేదు, ఎదుటివాళ్ళ ఆలోచనల గురించిన మాటలు వాళ్ళదాకా చేరకపోవడంలో ఉంది. మీ బంధువుల్లో వినికిడి లేని బిడ్డ ఉంటే ఈ ఒక్క పేరా ఆ బిడ్డ తల్లిదండ్రులకు చదివి వినిపించండి.

ఇంట్లో మేం ఏం చెయ్యొచ్చు?

రాము, లక్ష్మి కథ ఇంట్లో బట్టీ పట్టించొద్దు. జవాబు వస్తుంది, తెలివి రాదు, మా లెక్కలు మాత్రం పాడవుతాయి. కథ చెప్పేటప్పుడు, జరిగిన గొడవ గురించి మాట్లాడేటప్పుడు మనసు మాటలు వాడండి. 'అత్తయ్య ఎందుకు అలిగింది? నువ్వు కావాలని చేశావనుకుంది. పొరపాటున జరిగిందని ఆమెకు తెలియదు.' కొట్టుకున్న ఇద్దరు పిల్లలకు 'సారీ చెప్పు' అని సరిపెట్టేకన్నా ఇలాంటి మూడు వాక్యాలు ఎక్కువ ఇస్తాయి. చూడ్డానికి ఒకటిలా ఉండి నిజానికి మరొకటైన వస్తువులు, అంటే పండులా ఉండే కొవ్వొత్తి, చేపలా ఉండే సబ్బు, చూపించి 'ముందు ఏమనుకున్నావు? ఇప్పుడేమంటావు?' అని మాట్లాడటం మూడేళ్ళవాళ్ళకు మేలు చేస్తుందని లోమన్, టొమసెల్లో 2003లో చూపించారు. దాగుడుమూతలు ఆడండి. మూడేళ్ళ బిడ్డ తన కళ్ళు మూసుకుని దాక్కున్నాననుకుంటే నవ్వి ఊరుకోండి.

ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదంటారు. అంతేనా?

అంత తేలిగ్గా తేల్చేది కాదు. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ ఈ బాల్ కథ లాంటిదే ఆటిజం ఉన్న 20 మంది పిల్లలకు చెప్పారు. 16 మంది తప్పు చెప్పారు. పుట్టుకతోనే మేధో ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. అక్కడి నుంచి ఆటిజం అంటే మనసు చూడలేని గుడ్డితనమనే మాట పుట్టి బాగా పాకింది. మిగతా నలుగురి సంగతేమిటని అడిగినవాళ్ళు తక్కువ. ఆ తర్వాత తెలిసింది ఏమంటే, ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది భాష పెరిగేకొద్దీ ఈ పరీక్షలను దాటతారు. వాళ్ళకు కష్టమయ్యేది పరీక్షగది కాదు, వేగంగా సాగే నలుగురి మాటల మధ్య అప్పటికప్పుడు ఊహించడం. ఆటిజం ఉన్న బ్రిటిష్ పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ఇంకో మాట అన్నారు: అర్థం కాకపోవడం రెండువైపులా ఉంది, ఆటిజం లేనివాళ్ళకూ ఆటిజం ఉన్నవాళ్ళ మనసు అంతుపట్టదు. పాఠంలో ఈ రెండూ పక్కపక్కనే పెట్టి చెప్తాం.

మా పరీక్షతో ఆటిజం ఉందో లేదో తేలదు. మీ అనుమానం వేరే గుర్తుల మీద ఉండాలి. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నర దాటినా 'అదుగో' అని వేలుపెట్టి చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటివి. అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరికి, అక్కడి నుంచి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి. నాలుగేళ్ళు నిండేదాకా, మాటలు వచ్చేదాకా ఆగొద్దు.

పెద్దవాళ్ళం మనం బాగానే చేస్తాం కదా?

మనం అనుకున్నంత కాదు. క్లాసులో చేయించేది చూడండి: ఒకరు అందరికీ తెలిసిన పాట మనసులో పాడుకుంటూ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తారు, ఇంకొకరు పాటేదో చెప్పాలి. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఇలా చేసినప్పుడు తాళం వేసినవాళ్ళు సగం పాటలు దొరుకుతాయనుకున్నారు. 120లో దొరికినవి మూడు. వేసేవాడి తలలో పాటంతా మోగుతుంటుంది, వినేవాడికి టక్ టక్ అనే. పాఠం చెప్పే ప్రతివాళ్ళూ ఒకసారి ఇందులో కూర్చోవాలి.

అబద్ధం పట్టుకోవడంలోనూ అంతే. బాండ్, డిపాలో 2006లో కలిపి చూసిన అధ్యయనాల్లో సగటు 54 శాతం. ఎదుటివాళ్ళ స్థానంలో నిలబడి ఆలోచించమని చెప్పడం వల్ల కూడా కచ్చితత్వం పెరగలేదని 2018లో ఏయల్, స్టెఫెల్, ఎప్లీ 25 ప్రయోగాలతో చూపించారు. పెరిగింది ఒక్కదానివల్లే, ఎదుటివాళ్ళనే అడిగి తెలుసుకోవడం వల్ల. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, అడగాలా అనేవాళ్ళకు కూడా ఇదే జవాబు.

కళ్ళు మాత్రమే చూపించి భావం చెప్పమనే పరీక్ష తెలుగులో వాడొచ్చా?

జాగ్రత్తగా. ఈ పరీక్షకు 2001లో వచ్చిన రూపంలో 36 ఫొటోలు, ఒక్కోదానికి నాలుగు మాటలు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. గుడ్డిగా చెప్పినా 9 వస్తాయి. చిక్కు ఫొటోల్లో కన్నా మాటల్లో ఎక్కువ. తెలుగులోకి తెస్తే నాలుగు మాటల్లో రెండు ఒకదానికొకటి పర్యాయపదాలైపోతాయి, లేదా గ్రాంథికమై ఎవరికీ తెలియవు. అప్పుడు పరీక్షించేది తెలుగు పదసంపదనే. అనువదించి, ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, కనీసం పదిమందితో ఒక్కో మాటకు అర్థం చెప్పించుకున్నాకే వాడండి.

మా ప్రాజెక్టుకు ఎంతమంది పిల్లలు కావాలి? లెక్క ఏది?

వయసు గుంపుకు 20 మందికి తక్కువైతే మొదలుపెట్టకండి. రెండు పాత్రల ప్రశ్నకు 20 మందిలో 15 మంది సరిగ్గా చెప్తేనే గుడ్డి ఊహకన్నా మెరుగని చెప్పగలరు, 14 చాలదు. 5 లేదా అంతకన్నా తక్కువమంది సరిగ్గా చెప్పినా అది వార్తే. వాళ్ళు ఊహించడం లేదు, ఒక పద్ధతి ప్రకారం తప్పుతున్నారు. జవాబు అవును-కాదు రకం కాబట్టి సగటులను పోల్చే టీ-టెస్ట్ వద్దు. రెండు గుంపులను పోల్చడానికి ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్, అదే పిల్లలు చేసిన రెండు పనులను పోల్చడానికి మెక్‌నెమార్ టెస్ట్. వయసు ఏళ్ళలో కాదు, నెలల్లో రాసుకోండి. 'నాలుగేళ్ళు' అంటే 48 నెలలూ కావచ్చు, 59 నెలలూ కావచ్చు. ఈ రంగంలో ఆ తేడాయే మొత్తం కథ. పుట్టినతేదీ బడి రిజిస్టర్లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉండటం మన దగ్గర మామూలే, అమ్మనే అడగండి.

అనుమతి ఎవరివ్వాలి?

తల్లి లేదా తండ్రి రాతపూర్వకంగా, తెలుగులో రాసిన పత్రం మీద. హెడ్‌మాస్టర్ సంతకం బడిలోకి రానిస్తుందే తప్ప బిడ్డ దగ్గరికి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలు నోటిమాటగా, 12 దాటినవాళ్ళు రాతలో తమ ఒప్పుదల కూడా చెప్పాలి. మా పిల్లలు ఇంకా చిన్నవాళ్ళే, అయినా తల అడ్డంగా ఊపితే ఆపేస్తాం. వీడియోకు వేరే సంతకం. దాన్ని వాట్సాప్‌లో ఎవరికీ, తల్లిదండ్రులకైనా, పంపం. పక్కన ఇంకో బిడ్డ కనబడుతుంటుంది.

మా పాప రిపోర్టు ఇస్తారా? కౌన్సెలింగ్ చేస్తారా?

ఒక్కో బిడ్డ మార్కు ఇవ్వం, గుంపు ఫలితాలు చెప్తాం. కౌన్సెలింగ్ మా పని కాదు. మానసిక ఇబ్బందికి ఉచిత సాయం కావాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

క్లాసులో చేరడానికి ముందే ఏమైనా చదవాలా?

ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. శాతాలు, సంభావ్యత వస్తే చాలు. మొదటి నాలుగు వారాలు బొమ్మలతో ఒకరినొకరు పరీక్షించుకోవడమే. 'కదా' అనకుండా కథ మొత్తం చెప్పడం నేర్చుకోవడానికి చాలామందికి అంత సమయం పడుతుంది.

బిడ్డను తీసుకొస్తే ఏం తెచ్చుకోవాలి? ఎప్పుడు రావాలి?

ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర లోపు. మధ్యాహ్నం నిద్ర వేళకు తీసుకొచ్చిన బిడ్డ ఏం అడిగినా 'ఇంటికి పోదాం' అంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోం. ఆ ఎండకు ఫ్యాను పూర్తి వేగంలో తిరగాలి, ఆ చప్పుడులో మెల్లగా మాట్లాడే పిల్లల జవాబు రికార్డులో వినబడదు. కడుపు నింపి తీసుకురండి, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి. జలుబు చేసి చెవి నొప్పి ఉంటే ఇంకో రోజు రండి. ఇంటి దగ్గర బయల్దేరేముందు 'అక్కడ అడిగిందానికి సరిగ్గా చెప్పు' అనకండి, 'అక్కావాళ్ళు బొమ్మలాట చూపిస్తారట' అనండి. ఇక్కడ 'అట' వాడొచ్చు.